లెవర్కుసెన్ నుంచి వరంగల్ దాకా (‘పంటా పురుగూ’ ధారావాహిక – 4వ భాగం)

గత భాగంలో డీడీటీ కథ చెప్పుకున్నాం. 1939లో స్విట్జర్లాండ్‌లోని గైగీ కంపెనీలో పాల్ ముల్లర్ దాని శక్తిని పసిగట్టడం, యుద్ధకాలంలో నేపుల్స్ నగరంలో టైఫస్ మోసే పేలను అది అణచడం, 1948లో ముల్లర్‌కు నోబెల్ రావడం చూశాం. 1953 నుంచి మన పల్లెల్లో మలేరియా సిబ్బంది ఇంటింటి గోడలకూ డీడీటీ కొట్టడం, మెల్లగా దోమలు దానికి లొంగకుండా పోవడం దగ్గర ఆగాం. అదే కాలంలో జర్మనీలో దానికి ఒక పోటీదారు తయారవుతూ వచ్చింది. డీడీటీ చాలా ఏళ్ళపాటు మట్టిలోనూ కొవ్వులోనూ పేరుకుపోతుంది. కొత్తగా వచ్చిన ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో విరిగిపోతాయి. ఆ మాట చెప్పే వాటిని ప్రపంచమంతా అమ్మారు. కానీ విరిగిపోయేలోపు అవి మనిషిని ఏం చేయగలవో మొదటిరోజు నుంచీ తెలుసు.

బల్ల మీద ఒలికిన చుక్క

1930ల మధ్య జర్మనీకి విదేశీ మారకానికి కటకటగా ఉండేది. హిట్లర్ ప్రభుత్వం దొరికిన డబ్బంతా ఆయుధాల మీద పెడుతోంది. తిండిగింజల దిగుమతి తగ్గాలంటే ఇంట్లో పండినదాన్ని పురుగు పాలు కాకుండా చూసుకోవాలి. ఆ పురుగు మీద కొట్టే నికోటిన్ కూడా దిగుమతి సరుకే. రసాయన దిగ్గజం ఐ.జి. ఫార్బెన్ తన లెవర్కుసెన్ ప్రయోగశాలలో ఉన్న గెర్హార్డ్ ష్రాడర్‌కు ఈ పని అప్పజెప్పింది. ఆయనకు అప్పటికి ముప్ఫై దాటి రెండు మూడేళ్ళు.

ష్రాడర్ భాస్వరం కలిసిన సమ్మేళనాలను ఒకదాని వెంట ఒకటి తయారుచేస్తూ పోయాడు. 1932లోనే బెర్లిన్‌లో విల్లీ లాంగె, ఆయన శిష్యురాలు గెర్డా ఫాన్ క్రూగర్ ఈ జాతి రసాయనాల ఆవిరి పీలిస్తే ఊపిరి బిగుసుకుంటుందనీ, చూపు మసకబారుతుందనీ రాసిపెట్టారు. 1936 డిసెంబరు 23న ష్రాడర్ చేతికి ఒక పదార్థం వచ్చింది. పది లక్షల పాళ్ళలో ఐదు పాళ్ళు ఉంటే చాలు, ఆకుల మీది పేనుబంక మొత్తం చచ్చింది.

కొత్త సంవత్సరం రాగానే దాన్ని మరికాస్త ఎక్కువగా తయారు చేయబోయారు. ఒక చుక్క బల్ల మీద ఒలికింది. కాసేపటికి ష్రాడర్‌కూ, ఆయన సహాయకుడికీ గదిలో వెలుతురు తగ్గిపోతున్నట్టు అనిపించింది. కంటిపాపలు సూదిమొనంత అయ్యాయి. ఊపిరి అందలేదు. ఇద్దరూ మళ్ళీ పనిలోకి రావడానికి మూడు వారాలు పట్టింది.

అంటే, ఈ మందు మనిషికి ఏం చేస్తుందో అది పుట్టిన నెల రోజులకే, పుట్టించినవాడి ఒంటి మీదే తేలిపోయింది. తర్వాతి ఎనభై ఏళ్ళలో జరిగిన విషాదాలను ‘తెలియక జరిగాయి’ అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. తెలిసినవాళ్ళు ఎక్కడ ఉన్నారు, భరించినవాళ్ళు ఎక్కడ ఉన్నారు అన్నదే ఈ భాగంలో చూడబోయేది.

సైన్యానికి పనికొచ్చే ఏ ఆవిష్కరణనైనా ప్రభుత్వానికి తెలపాలని 1935లోనే నాజీలు ఆజ్ఞ జారీ చేశారు. ష్రాడర్‌ను బెర్లిన్‌కు పిలిపించి ప్రదర్శన చేయించారు. పేటెంటు రహస్యమైపోయింది. పేనుబంక కోసం చేసిన మందు ‘టాబున్’ అనే విషవాయువైంది. 1938లో దానికంటే తీవ్రమైన ‘సారిన్’ తయారైంది.

పది తొడుగుల దుస్తులు

టాబున్ తయారీకి డైహెర్న్‌ఫుర్త్ అనే చోట కర్మాగారం కట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1942 నుంచి యుద్ధం ముగిసేలోపు అక్కడ దాదాపు 12 వేల టన్నులు తయారైంది. అక్కడి పనివాళ్ళకు ఇచ్చిన రక్షణ ఎలాంటిదో చూడాలి. రబ్బరు, మధ్యలో గుడ్డ, మళ్ళీ రబ్బరు పొరలుగా ఉండే దుస్తులు, శ్వాస తొడుగులు. ఒక జత పదిసార్లు తొడిగాక పారేయాల్సిందే. ఇంత చేసినా కనీసం పదిమంది చనిపోయారు.

హిట్లర్ ఈ వాయువును యుద్ధరంగంలో ప్రయోగించలేదు. శత్రువుల దగ్గర కూడా ఇదే ఉండొచ్చన్న భయం అందుకు ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. అమెరికా శాస్త్ర పత్రికల్లో పురుగుమందుల గురించి వ్యాసాలు రావడం తగ్గిపోయింది, ఏదో దాస్తున్నారని జర్మన్ నిపుణులు అనుకున్నారు. నిజానికి అమెరికన్లు దాచింది డీడీటీని. వాళ్ళ దగ్గర టాబున్ ఊసే లేదు. గత భాగపు కథానాయకుడు ఈ భాగంలో ఇలా తెర వెనక నుంచి ఒక పాత్ర పోషించాడు.

సైన్యం ఒకవైపు వాయువులు తయారు చేసుకుంటుంటే, ష్రాడర్ తన అసలు పని వదల్లేదు. మనుషులకు కాస్త తక్కువ, పురుగులకు బాగా ఎక్కువ ప్రమాదకరమైనదాని కోసం వెతుకుతూనే ఉన్నాడు. నికోటిన్‌కు బదులుగా ‘బ్లాడాన్’ వచ్చింది. 1944లో ఇ-605 అనే సంకేతంతో మరొకటి తయారైంది. దాని పేరు పారాథియాన్.

1945లో బ్రిటిష్, అమెరికన్ నిపుణులు ష్రాడర్‌ను నిర్బంధించి గంటల తరబడి ప్రశ్నించారు. ఆయన తయారుచేసిన సమ్మేళనాల జాబితా విజేతల చేతికి చిక్కింది. కొద్ది ఏళ్ళలోనే అమెరికాలో సయనమిడ్ కంపెనీ పారాథియాన్‌ను మార్కెట్లో పెట్టింది. ఐ.జి. ఫార్బెన్‌ను ముక్కలు చేశాక మళ్ళీ నిలబడ్డ బేయర్, ‘ఫాలిడాల్’ పేరుతో తన వాటా తాను అమ్ముకుంది. యుద్ధంలో ఓడినవాడూ గెలిచినవాడూ ఇప్పుడు ఒకే సరుకుతో ప్రపంచపు పొలాల్లోకి దిగారు.

ఒంట్లో జరిగేది ఇదీ

నరం నుంచి కండరానికి ‘కదులు’ అన్న ఆజ్ఞ ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం మోసుకెళ్తుంది. ఆజ్ఞ అందగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ రసాయనాన్ని విరిచేస్తుంది. మడికి నీళ్ళు చాలినంత పారగానే మడవ కట్టేసే మనిషి లాంటిది ఆ ఎంజైమ్. ఆర్గానోఫాస్ఫేట్ ఆ మనిషి చేతులు కట్టేస్తుంది. ఇక నీళ్ళు ఆగవు. కళ్ళ వెంట, ముక్కు వెంట, నోటి వెంట స్రావాలు కారతాయి. చెమట, వాంతులు, విరేచనాలు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కండరాలు అదురుతాయి, తర్వాత చచ్చుబడతాయి. ప్రాణం ఎక్కువగా ఊపిరి ఆడకే పోతుంది.

పురుగుకూ ఇదే ఎంజైమ్, మనిషికీ ఇదే ఎంజైమ్. అందుకే ఈ జాతిలో ‘పురుగుకే విషం’ అన్నది ఎప్పుడూ మోతాదు మాటే. 1950 ప్రాంతంలో వచ్చిన మలాథియాన్ కొంత నయం. దాన్ని మనిషి కాలేయం త్వరగా విరిచేయగలదు, పురుగు విరచలేదు. పారాథియాన్‌ను మాత్రం మన కాలేయమే ఇంకా తీవ్రమైన రూపంలోకి మారుస్తుంది.

ఇంకో చిక్కుంది. ఈ విషం మింగనక్కర్లేదు. చర్మం గుండానే లోపలికి పోతుంది. మంట పుట్టదు, పొక్కు రాదు. తడిసిన చొక్కా ఒంటి మీద ఆరిపోతుంది, మనిషి పని చేసుకుంటూనే ఉంటాడు.

ప్రజలకు ఇది పొలం ద్వారా కంటే పత్రికల ద్వారా ముందు తెలిసింది. 1954 ఫిబ్రవరిలో పశ్చిమ జర్మనీలోని వోర్మ్స్ పట్టణంలో క్రిస్టా లేమాన్ అనే ఆమె చాక్లెట్ మిఠాయిలో ఇ-605 పెట్టి ఒక ఇంట్లో పెద్దావిడకు ఇచ్చింది. ఆ పెద్దావిడ దాన్ని దాచిపెడితే, ఆమె కూతురు కొరికి, చేదుగా ఉందని ఉమ్మేసింది. ఉమ్మిన ముక్కను కుక్క తింది. కూతురూ కుక్కా ఇద్దరూ చనిపోయారు. విచారణలో లేమాన్ తన భర్తనూ మామనూ కూడా ఇలాగే చంపినట్టు బయటపడింది. ఆ పురుగుమందు ఏ కొట్లో అయినా దొరికేది. ఈ వార్తలు వచ్చాక జర్మనీలో ఇ-605 తాగి ప్రాణం తీసుకున్నవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. చేతికందేలా ఉన్న విషం, క్షణికమైన నిరాశ కలిస్తే ఏమవుతుందో ప్రపంచం అప్పుడే చూసింది. అదే దృశ్యం నలభై ఏళ్ళ తర్వాత వరంగల్ ఆస్పత్రి వరండాల్లో మళ్ళీ కనబడబోతోంది.

కొచ్చి రేవులో దిగిన బస్తాలు

భారతదేశానికి ఈ పాఠం 1958లో కేరళలో అందింది. బొంబాయి నుంచి కొచ్చికి వెళ్ళే ఓడలో గోధుమపిండి బస్తాలనూ ఫాలిడాల్ పెట్టెలనూ ఒకే చోట పేర్చారు. దారిలో మందు కారింది. బస్తాలు తడిశాయి, ఆరాయి, రేవులో దిగి దుకాణాలకు చేరాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ పిండి తిన్న కుటుంబాలు ఒకటొకటిగా ఆస్పత్రులకు వచ్చాయి. వంద మందికి పైగా చనిపోయారు.

ఈ ఘటనలో పురుగు కోసం మందు కొట్టినవాళ్ళు ఎవరూ లేరు. పొలమే లేదు. మందు ఎక్కడ నిల్వ చేయాలి, దేని పక్కన పెట్టకూడదు, డబ్బా మీద ఏం రాయాలి అనే నియమం దేశమంతటికీ ఒకటిగా లేకపోవడమే కారణం. కేంద్రం న్యాయమూర్తి జె.సి. షా కమిషన్‌ను వేసింది. చట్టం రావడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. 1968లో క్రిమిసంహారకాల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. ఏ మందు అమ్మాలన్నా ఫరీదాబాద్‌లోని కేంద్ర బోర్డులో నమోదు తప్పనిసరి అయింది.

ఇప్పటికీ ప్రతి డబ్బా మీదా కనబడే వజ్రాకారపు గుర్తు ఆ చట్టం పెట్టిందే. దాని కింది సగంలో ఉన్న త్రిభుజం రంగు విషం స్థాయి చెబుతుంది. ఎరుపు అత్యంత విషం, దానితోపాటు పుర్రె, ఎముకల బొమ్మ ఉంటుంది. పసుపు తీవ్రం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. మోనోక్రోటోఫాస్, ఫోరేట్ ఎరుపు కిందికి వచ్చాయి. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ పసుపు, మలాథియాన్ నీలం. రంగు తెలిస్తే సగం జాగ్రత్త తెలిసినట్టే. కానీ ‘ఆకుపచ్చ’ అంటే తాగొచ్చని కాదు, ‘పసుపు’ అంటే చేత్తో కలపొచ్చని కాదు.

చట్టం డబ్బా దాకా వచ్చింది. డబ్బా మూత తీసిన తర్వాత సంగతి రైతుకు వదిలేసింది.

గుంటూరు పత్తి, వరంగల్ పత్తి

1970ల నుంచి గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో పత్తి విస్తరించింది. పొగాకు ధరలతో విసిగినవాళ్ళకు అది తెల్లబంగారం. ఇక్కడ అనుభవం సంపాదించిన రైతులే కౌలుకు భూములు వెతుక్కుంటూ రాయచూరు వైపు, తెలంగాణ జిల్లాల వైపు వెళ్ళి ‘క్యాంపులు’ వేశారు. వాళ్ళతోపాటు సంకర విత్తనం, ఎరువు, మందు కొట్టే పద్ధతి కూడా వెళ్ళాయి. దేశం మొత్తం సాగుభూమిలో పత్తి వాటా ఐదు శాతం చుట్టుపక్కల ఉన్న రోజుల్లో, పురుగుమందుల్లో దాదాపు సగం పత్తి మీదే కుమ్మరించేవారు.

మొదట్లో రెండు మూడు సార్లు కొడితే సరిపోయింది. శనగపచ్చ పురుగు మందుకు అలవాటు పడింది. 1980ల మొదట్లో వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్లను విచ్చలవిడిగా వాడాక, ఆ పురుగును తినే మిత్రపురుగులు పోయాయి, తెల్లదోమ విజృంభించింది. 1980ల నడిమికి గుంటూరు, ప్రకాశం చేలు తెల్లదోమతో జిగురెక్కిపోయాయి. 1987–88లో అక్కడ పత్తి రైతుల ఆత్మహత్యలు మొదలయ్యాయి. పదేళ్ళకు, 1997–98లో, అకాల వర్షాల వెనక పొగాకు లద్దెపురుగు వరంగల్ చేల మీద పడింది. ఆ ఏడాది అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది వాడింది ఇంట్లో మిగిలిన పురుగుమందే.

ఈ మధ్యలో రైతుకు సలహా ఇచ్చినదెవరు? వ్యవసాయ శాఖ ఉద్యోగి ఊరికి ఎప్పుడో వస్తాడు. మందుల షాపు రోజూ తెరిచి ఉంటుంది. విత్తనం అక్కడే, ఎరువు అక్కడే, అప్పు అక్కడే. రైతు ఆకు తెంపుకుని వెళ్తే షాపువాడే చూసి డబ్బా తీసిస్తాడు. ఖాతా రాసుకుంటాడు, పంట అమ్మాక రైతు తీరుస్తాడు. అప్పు పెరిగేకొద్దీ ఇచ్చిన డబ్బా వద్దనే ధైర్యం పోతుంది. కంపెనీ ప్రతినిధులకు అమ్మకాల లక్ష్యాలు, డీలర్లకు బహుమతులు, విదేశీ టూర్లు. ఈ పోటీలో రెండు మూడు మందులు కలిపి కొట్టడం మామూలైంది. ఏకంగా పదిహేను, ఇరవై సార్లు కొట్టిన చేలున్నాయి.

పిచికారీ రోజు

సెప్టెంబరులో ఒక పత్తిచేను. గట్టు మీద నీళ్ళ డ్రమ్ము, పక్కన ‘మోనో’ (మోనోక్రోటోఫాస్) డబ్బా, ప్లాస్టిక్ బకెట్టు. డబ్బా మూతనే కొలతగా పెట్టుకుని భార్య మందు పోస్తుంది. పుల్ల దొరక్కపోతే చేత్తోనే కలుపుతుంది, గాజుల దాకా తడుస్తుంది. పదహారు లీటర్ల ట్యాంకు నింపి భర్త వీపుకెత్తుతుంది. ట్యాంకు మూతకు వాచరు అరిగిపోయింది, నడిచేకొద్దీ మందు వీపు మీదికి కారుతూ ఉంటుంది. అతని ఒంటి మీద బనియను, లుంగీ, తలకు తువ్వాలు. నాజిల్‌కు చెత్త అడ్డుపడితే నోటితో ఊదుతాడు. పత్తి భుజాల దాకా ఎదిగింది కాబట్టి తుంపర మొహం మీదే పడుతుంది. పదిన్నరకు ఎండ ఎక్కుతుంది, చెమట పట్టిన చర్మం గుండా మందు ఇంకా త్వరగా లోపలికి పోతుంది. మధ్యాహ్నం అదే గట్టు మీద కూర్చుని సద్ది విప్పుతారు.

డైహెర్న్‌ఫుర్త్ కర్మాగారపు రబ్బరు దుస్తులతో ఈ దృశ్యాన్ని పోల్చి చూడండి. రసాయన కుటుంబం ఒకటే.

2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ రోజులను లెక్కలోకి తెచ్చింది. ఫ్రాన్సెస్కా మాన్చినీ బృందం మన పత్తి పల్లెల్లో 50 మంది మహిళా రైతులకు ఒక బొమ్మల పట్టిక ఇచ్చి, మందు కొట్టిన ప్రతిసారీ తమకూ, తమ ఇంటి మగవాళ్ళకూ ఏమైందో గుర్తు పెట్టమంది. మొత్తం 323 సందర్భాలు నమోదయ్యాయి. వాటిలో దాదాపు 84 శాతంలో విషప్రభావ లక్షణాలు కనబడ్డాయి. తలనొప్పి, కళ్ళమంట, వాంతి, చేతుల వణుకు. ఆరు శాతం సందర్భాల్లో నరాల మీద చాలా తీవ్రమైన ప్రభావం పడింది. అయినా ఒక్కరూ వైద్యుడి దగ్గరికి వెళ్ళలేదు. ఎక్కువ దెబ్బతిన్నది పేద, సన్నకారు రైతులే.

ఎందుకు వెళ్ళలేదంటే, మందు కొట్టిన రోజు తలనొప్పి రావడం వాళ్ళకు మామూలు. ఎండదెబ్బ అనుకుంటారు. మజ్జిగ తాగి పడుకుంటారు.

ఏం చేయాలో తెలిసినా

నిజానికి జాగ్రత్తల జాబితా చాలా పాతది, చాలా స్పష్టమైనది. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, రబ్బరు చేతొడుగులు, బూట్లు, కళ్ళద్దాలు, మాస్కు. మందును పొడుగు కర్రతో కలపాలి, చేత్తో కాదు. గాలి వచ్చే దిక్కుకు వెన్ను పెట్టి కొట్టాలి. పొద్దున్నో సాయంత్రమో కొట్టాలి, ఎండలో వద్దు. బీడీ, తంబాకు, తిండి చేను దాటాకే. పని అయిపోయాక సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు ఇంట్లోవాళ్ళ బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. లేబుల్ మీద చెప్పిన రోజులు గడిచేదాకా చేలోకి కలుపుకో పత్తి ఏరడానికో పోకూడదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు ట్యాంకులోనే పోయాలి, డబ్బాకు కన్నాలు పొడవాలి. ఏ పరిస్థితుల్లోనూ అందులో నూనె, నీళ్ళు, పప్పులు పోయకూడదు.

ఆఖరి మాట ఎంత ముఖ్యమో 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా చూపించింది. గండామన్ గ్రామం బడిలో మధ్యాహ్న భోజనం వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉంది. 23 మంది పిల్లలు చనిపోయారు.

నిల్వ చేయడంలో కూడా తప్పులు జరిగాయి. ‘నయం’ అనుకున్న మలాథియాన్‌తో 1976లో పాకిస్తాన్‌లో మలేరియా నియంత్రణ పనివాళ్ళు 2,800 మంది దాకా విషప్రభావానికి లోనయ్యారు, కనీసం ఐదుగురు చనిపోయారు. సరుకు సరిగా తయారు కాక, నిల్వలో ఐసోమలాథియాన్ అనే మలినం పేరుకుంది. అది మలాథియాన్‌ను విరిచే కాలేయపు శక్తినే అడ్డుకుంది. మందును చల్లని, నీడ ఉన్న చోట, తాళం వేసి, గడువు దాటకుండా ఉంచమనడం వెనక ఇలాంటి చరిత్ర ఉంది.

కానీ వరంగల్ మే నెల ఎండలోనో, సెప్టెంబరు ఉక్కలోనో రబ్బరు చేతొడుగు, మాస్కు వేసుకుని ఎకరాకు పది ట్యాంకులు ఎవరు కొట్టగలరు? 1985లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పురుగుమందుల మీద తెచ్చిన అంతర్జాతీయ నియమావళి ఈ ప్రశ్నకు సూటిగానే జవాబిచ్చింది. ఖరీదైన, ఇబ్బంది పెట్టే రక్షణ దుస్తులు అవసరమయ్యే మందులను ఉష్ణదేశాల చిన్నరైతులకు ఇవ్వకపోవడమే మేలని చెప్పింది. అంటే జాగ్రత్తను రైతు భుజం మీద మోపి చేతులు దులుపుకోవద్దు, మందునే మార్చండి అని. ఆ నియమావళి తర్వాత మూడు దశాబ్దాలకు పైగా మన షాపుల అరల్లో ఎర్ర త్రిభుజాలు అలాగే నిలిచాయి.

2017 వర్షాకాలం చివర మహారాష్ట్రలోని యవత్మాల్‌లో, అంటే ఆదిలాబాద్‌కు ఆనుకున్న పత్తి నేలలో, పిచికారీ చేస్తూనే 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది పత్తి మనిషి కంటే ఎత్తు పెరిగింది, గాలి ఆడలేదు, మందులు కలిపి కొట్టారు, కొత్త పవర్ పంపులు తుంపరను పొగమంచులా చేశాయి.

అత్రోపిన్ వార్డు

1997 నుంచి 2002 దాకా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పురుగుమందు విషంతో వచ్చినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం బతకలేదు. విడిగా లెక్కలు తీసిన 1999–2000లో వచ్చినవారిలో మూడింట రెండు వంతులు ముప్ఫై ఏళ్ళు నిండనివాళ్ళు, 96 శాతం తమంతట తాము తాగినవాళ్ళు. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ వల్లే. ఎండోసల్ఫాన్ వేరే జాతి మందు.

ఇలాంటి వార్డులో రాత్రి ఎలా గడుస్తుందో డ్యూటీ చేసిన ప్రతి జూనియర్ డాక్టరుకూ తెలుసు. వెల్లుల్లి వాసన వచ్చే బట్టలు కత్తిరించి తీసేయాలి, ఒళ్ళంతా సబ్బునీళ్ళతో కడగాలి. తర్వాత అత్రోపిన్. మన ఉమ్మెత్తలో ఉండే విషానికి దగ్గరి చుట్టమే అది. ఒక యాంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా రెట్టిస్తూ పోతారు. ఛాతీలో గురగుర ఆగాలి, నాడి 80 దాటాలి, సూదిమొనంత ఉన్న కంటిపాప తెరుచుకోవాలి. తీవ్రమైన కేసుకు వందల యాంప్యూళ్ళు పగులుతాయి. ఎక్కువైతే రోగి కలవరిస్తాడు, దుప్పటి పీక్కుంటాడు. తోడున్నవాళ్ళు ‘పిచ్చెక్కింది’ అని కంగారు పడతారు.

రెండో ఆయుధం ‘పామ్’. 1955లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇర్విన్ విల్సన్ కనిపెట్టినది. బిగుసుకున్న ఎంజైమ్‌ను విడిపిస్తుందని ఆశ. కొన్ని గంటలు దాటితే ఆ పట్టు మరి విడవదు, అందుకే ఆలస్యం ప్రాణాంతకం. గండం గడిచిందనుకున్న రెండో రోజో మూడో రోజో మెడ నిలవకపోవడం, ఊపిరి కండరాలు సడలడం కూడా జరుగుతుంది. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియద్దే ఈ దశను గుర్తించి వివరించారు. అందుకే ‘బాగానే ఉన్నాడు కదా’ అని రోగిని తొందరపడి ఇంటికి తీసుకుపోకూడదు.

ఊళ్ళో చేయాల్సింది తక్కువే. బట్టలు విప్పి, సబ్బునీళ్ళతో కడిగి, 108కి ఫోన్ చేయాలి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మందు డబ్బాను ఆస్పత్రికి వెంట తీసుకెళ్ళాలి. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించి కక్కించడం చేయకూడదు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుంది.

నిషేధాల పరుగు, ఆగిన చోటు

శ్రీలంక 1984లో పారాథియాన్‌ను, 1995కల్లా మోనోక్రోటోఫాస్‌తో సహా అత్యంత విషపూరిత వర్గాన్ని, 1998లో ఎండోసల్ఫాన్‌ను అరల మీద నుంచి తీసేసింది. పదేళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి పడింది. వరి దిగుబడి పడిపోలేదు.

మన దేశం ఇథైల్ పారాథియాన్‌ను 1974లోనే ఆపింది. దాని తమ్ముడు మిథైల్ పారాథియాన్ ఆగింది 2018లో. అదే ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ఫాస్ఫామిడాన్, డైక్లోర్‌వాస్, ట్రయజోఫాస్ 2020 డిసెంబరు 31 నుంచి పోయాయి. మోనోక్రోటోఫాస్‌ను దశలవారీగా తీసేయడం గురించి ఆలోచించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే భారత్‌కు సూచించింది. కూరగాయల మీద నిషేధం 2005లో వచ్చినా పత్తి కోసం షాపుల్లో అమ్మకం ఆగలేదు కాబట్టి ఎక్కడ వాడుతున్నారో చూసేవాడు లేడు. బిహార్ పిల్లలు పోయిన పదేళ్ళకు, 2023లో, దాని మీద నిషేధ ఉత్తర్వులు వచ్చాయి. ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువు కూడా ఇచ్చారు.

ఇంతలో నిషేధం కోసం ఎదురు చూడకుండా తామే డబ్బాలు మానేసిన ఊళ్ళు ఉన్నాయి. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల, అప్పటి వరంగల్ జిల్లాలో ఎనబావి ఆ దారిలో ముందు నడిచినవి. లద్దెపురుగు ఊడ్చేసిన పత్తిచేలలో వేపగింజల కషాయం, పచ్చిమిరప–వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా ఆముదం ఎలా వచ్చాయి? షాపు అప్పు నుంచి మహిళా సంఘాలు ఎలా బయటపడ్డాయి? పొరుగువాళ్ళ వెక్కిరింతలనూ, డీలర్ల ఒత్తిడినీ వాళ్ళు ఎలా తట్టుకున్నారు? అదే సమయంలో, 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఈ లెక్కలన్నీ ఎలా తారుమారు చేసింది? ఈ రెండు దారులు ఒకే జిల్లాలో ఎదురెదురు పడిన కథ వచ్చే భాగంలో.

(సశేషం)